సెల్లు పంచాయితీ: ఈ పందెం ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రశ్నలు కావు, పందేలు. ఇంట్లోనో ఆఫీసులోనో ఫ్యామిలీ గ్రూపులోనో మాటా మాటా పెరిగి, "సరే, ఆయన్నే అడుగుదాం పద" అని నా మీదకి తోసినవి. తోయండి, ఫరవాలేదు. పంతొమ్మిదేళ్లు రిపేరు బల్ల దగ్గర ఫోన్లు విప్పి బిగించినవాణ్ణి. కౌంటర్‌కి అవతల మొగుడూపెళ్లాలు, ఇవతల నేను, మధ్యలో మూత ఊడదీసిన ఫోను. తీర్పులు చెప్పడం అక్కడే అలవాటైంది. తప్పు తీర్పులు చెప్పడం కూడా అక్కడే. అలాంటిది ఒకటి చివర్లో ఉంది, పోయిన సంచికలో నేను వెలగబెట్టిందే.

ప్రశ్న: మా బావా నేనూ కలిసి 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి కొన్నాం, ఇంటిల్లిపాది ఫోటోలూ ఒకచోట పెడదామని. నా విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే 931 జీబీ అంటోంది. బావ మ్యాక్‌కి తగిలిస్తే 1 టీబీ అంటోంది. "నీ విండోస్ 69 జీబీ మింగేసింది" అంటాడు బావ. "తయారుచేసినవాడే తక్కువిచ్చాడు, నీ మ్యాక్ ఆ మోసాన్ని కప్పిపెడుతోంది" అంటాను నేను. మూడు వారాలుగా ఇదే గొడవ. తేల్చండి.

మింగిందీ లేదు, కప్పిపెట్టిందీ లేదు. ఆ డిస్క్‌లో పట్టేవి లక్ష కోట్ల బైట్లు. నమ్మకపోతే మీ ల్యాప్‌టాప్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. 931 జీబీ అని ఉన్న వరసలోనే, దాని పక్కన పొడుగ్గా బైట్ల లెక్క కూడా ఉంటుంది. లక్ష కోట్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మూడు వారాలుగా మీరిద్దరూ చూడని వరస అదొక్కటే.

తేడా ఎక్కడొచ్చిందంటే, డిస్క్ తయారుచేసేవాళ్లకి ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్‌కి ఒక జీబీ అంటే 1,024ని మూడుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 1,07,37,41,824 బైట్లు. లక్ష కోట్లని ఈ పెద్ద రాయితో తూచండి, 931 వస్తుంది. మీ బావగారి మ్యాక్ కూడా ఒకప్పుడు ఇలాగే తూచేది. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్ నుంచి వంద కోట్ల రాయికి మారింది. అందుకే అక్కడ పెట్టె మీది అంకె, తెర మీది అంకె ఒకటే.

కిలోబైట్ల కాలంలో ఈ తేడాని ఎవరూ పట్టించుకోలేదు. 1,000కీ 1,024కీ మధ్య 24 బైట్లే కదా అనుకున్నారు. మెట్టు ఎక్కిన కొద్దీ అది పెరుగుతుంది, జీబీ దగ్గరికొచ్చేసరికి ఏడు శాతం దాటింది. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పెద్ద రాయికి వేరే పేరు పెట్టింది: గిబిబైట్. పేరు పలకడానికి బాగోలేదో ఏమో, విండోస్ ఇప్పటికీ గిబిబైట్లలో తూచి జీబీ అనే రాస్తుంది. తప్పు ఎక్కడుందని గట్టిగా అడిగితే అక్కడే ఉందంటాను.

ఇంకో తమాషా చెప్పనా? మనం వాడిన 1.44 ఎంబీ ఫ్లాపీ ఈ రెండు లెక్కల్లో దేనికీ చెందదు. అందులో పట్టేవి 14,74,560 బైట్లు. 1.44ని ఒకసారి వెయ్యితో, ఒకసారి 1,024తో గుణిస్తేనే ఆ సంఖ్య వస్తుంది. రెండు రాళ్లూ ఒకే తక్కెడలో వేశారన్నమాట. ఇరవై ఏళ్లు దాన్ని వాడాం, ఒక్కరం అడగలేదు.

పందెం రద్దు. కానీ ఇంటిల్లిపాది ఫోటోలూ ఒకే డిస్క్‌లో పెట్టి మిగతాచోట్ల తుడిచేశారా అన్నది నా ప్రశ్న. 69 జీబీ ఎక్కడికి పోయిందని మూడు వారాలు పోట్లాడుకున్నవాళ్లు, మొత్తం డిస్కే చేయిజారి కిందపడితే ఏం చేస్తారు? డిస్క్ కింద పడేసి తెచ్చినవాళ్ల మొహాలు నేను చూశాను. ఇంకో కాపీ ఇంకోచోట పెట్టాకే మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే సెకనుకి 12 దాటదు. "ఎనిమిదో వంతే ఇస్తున్నారు" అని మా అన్నయ్య కస్టమర్ కేర్‌తో నలభై నిమిషాలు పోట్లాడాడు. పనిలో పనిగా ఇంకోటి: మా రూటర్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకదాని చివర 5జీ అని ఉంది. మా దగ్గర 5జీ ఫోను ఒక్కటీ లేకపోయినా అందులోకి ఎలా కలుస్తున్నాయి?

మీ అన్నయ్య నోటితోనే జవాబు వచ్చేసింది. ఏడో వంతు కాదు, తొమ్మిదో వంతు కాదు, సరిగ్గా ఎనిమిదో వంతు. ఒక బైటుకి ఎనిమిది బిట్లు. కనెక్షన్ వేగాన్ని బిట్లలో చెబుతారు, దాన్ని చిన్న బి అక్షరంతో రాస్తారు. డౌన్‌లోడ్ అయ్యే ఫైలుని బైట్లలో చూపిస్తారు, అది పెద్ద బి. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. దారి ఖర్చులు పోను మీకు పన్నెండు అందుతోందంటే కనెక్షన్ బ్రహ్మాండంగా ఉంది. ఆ నలభై నిమిషాలూ అవతల ఫోనెత్తినవాళ్ల ఓపికకి నా నమస్కారం.

రూటర్ మీది 5జీ, ఫోన్ల 5జీ ఒకటి కావు. ఫోన్లలో అది అయిదో తరం నెట్‌వర్క్. రూటర్‌లో అది 5 గిగాహెర్ట్జ్ తరంగం. రెండో పేరేమో 2.4 గిగాహెర్ట్జ్. 5 వేగమైనదే కానీ గోడలంటే దానికి పడదు. 2.4 నెమ్మదిగానే అయినా రెండు గదులు దాటి వస్తుంది. రూటర్ ఉన్న గదిలో 5, చివరి గదిలో 2.4.

ప్రశ్న: మా అమ్మ గంటకోసారి ఫోన్లో తెరిచిన యాప్‌లన్నీ పైకి తోసేస్తుంది, బ్యాటరీ ఆదా అని. అలా చేస్తే ఇంకా ఎక్కువ ఖర్చవుతుందని నేను. మీరు చెబితే వింటానంది.

అమ్మా, మీ అబ్బాయి మాటే నిజం. కాకపోతే ఇది మీకు నేర్పిన పాపంలో నాకూ వాటా ఉంది. రిపేరు చేసిన ఫోను చేతికిచ్చే ముందు, ఎదుటివాళ్లు చూస్తుండగా యాప్‌లన్నీ టకటకా పైకి తోసి "ఇప్పుడు చూడండి ఎంత ఫాస్టుగా ఉందో" అనేవాణ్ణి. చూడ్డానికి బల్ల తుడిచినట్టు శుభ్రంగా ఉంటుంది. అందరూ తృప్తిగా వెళ్లేవాళ్లు.

మీరు పైకి తోసేది, నడుస్తున్న యాప్‌ల జాబితా కాదు. ఇటీవల తెరిచినవాటి జాబితా. వాటిలో చాలావాటిని ఫోనే నిద్రపుచ్చేసి ఉంటుంది. జాగా చాలకపోతే తనే బయటికి పంపుతుంది. మీరు తోసేసిన యాప్‌ని పది నిమిషాలకి మళ్లీ తెరిస్తే మొదటినుంచి అన్నీ నింపుకుని లేవాలి. ఆ లేవడానికే ఎక్కువ ఖర్చు. యాప్ బిగుసుకుపోయి స్పందించనప్పుడే దాన్ని మూయమని ఆపిల్ తన సహాయం పేజీలోనే రాసింది. అసలు దొంగని పట్టుకోవాలంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరవండి, ఏ యాప్ ఎంత తిన్నదీ పేరు పేరునా ఉంటుంది. దారి చూపించే మ్యాపు మాత్రం గమ్యం చేరాక ఆపేయండి, అది నిజంగానే తింటుంది.

ప్రశ్న: నా భార్య రాత్రి చార్జింగ్ పెట్టి పొద్దున్నే తీస్తుంది. నేను పూర్తిగా అయిపోయి ఫోను ఆగిపోయాకే పెడతాను, మా నాన్న నేర్పిన పద్ధతి. ఇద్దరివీ ఒకే రోజు కొన్న ఒకే మోడల్ ఫోన్లు. ఎవరి బ్యాటరీ ముందు పోతుంది? (పందెం ఏమిటో చెప్పలేను, ఇంటిపని విషయం.)

మీ నాన్నగారు తప్పు నేర్పలేదు. ఆయన వాడిన నికెల్ కాడ్మియం బ్యాటరీలకి అదే సరైన పద్ధతి. సగంలో ఉండగా మళ్లీ మళ్లీ చార్జింగ్ పెడితే వాటికి ఆ సగమే అలవాటైపోయేది. మెమరీ ఎఫెక్ట్ అనేవాళ్లు. తర్వాత బ్యాటరీ మారిపోయింది, మాట మాత్రం ఇంట్లో మిగిలిపోయింది. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దానికి బాట వేసిన ముగ్గురికి, జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినోలకి, 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97.

ఈ రకానికి ఆ జ్ఞాపకాల జబ్బు లేదు. దీనికి పడనివి మూడు: వేడి, నిండుకుండలా గంటల తరబడి ఉండటం, అడుగంటడం. మీ ఆవిడ రెండోది చేస్తున్నారు, మీరు మూడోది చేస్తున్నారు. నూటికి చేరగానే ఫోను చార్జింగ్ ఆపేస్తుంది కాబట్టి పొంగిపోయేదేమీ లేదు. కానీ తెల్లారేదాకా ఆ నిండు ఒత్తిడి మీదే ఉంటుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది. అది పెట్టుకుంటే ఆవిడ రాత్రంతా హాయిగా పెట్టుకోవచ్చు.

"ఇన్నిసార్లు పెడితే చార్జింగ్ లెక్క అయిపోతుందేమో" అని కూడా చాలామంది భయపడతారు. బ్యాటరీ ఆయుష్షుని సైకిళ్లలో కొలిచే మాట నిజమే. కానీ ఒక సైకిల్ అంటే ప్లగ్గు ఒకసారి పెట్టడం కాదు, నూరు శాతం వాడటం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒకటి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి తెచ్చే ఫోన్లలో బ్యాటరీ 800 సైకిళ్లు గడిచాక కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలబెట్టాలని నియమం వచ్చింది. అంటే ఇదేమీ జాతకం కాదు, కొలిచి చూసే విషయమే.

నన్ను పందెం కాయమంటే, ముందు పోయేది మీదేనని కాస్తాను. ఒక షరతు, ఆవిడ ఫోను దిండు కింద పెట్టకూడదు. దిండు కింద పెట్టి చార్జ్ చేసిన ఫోన్లు నా బల్ల మీదకి వచ్చేవి. పక్కకి తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోయేది, స్క్రీన్ అంచు దగ్గర గోరు దూరేంత సందు, అందులోంచి వెలుతురు. లోపల బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని పైకి నెట్టేస్తోందన్నమాట. అలా కనిపిస్తే నొక్కి లోపలికి పంపకండి, గుచ్చకండి, ఇంకోసారి చార్జింగ్ పెట్టకండి. నేరుగా రిపేరుకి తీసుకెళ్లండి. మీ ఫోను దొడ్డుగా ఉన్న కవర్లో ఉంటే నెలకోసారైనా కవర్ తీసి అంచులు చూడండి, అది కనిపించేది అప్పుడే.

ప్రశ్న: "అన్‌లిమిటెడ్ డేటా" అని ప్లాన్ వేయించుకున్నాను. కొంత వాడగానే వేగం పడిపోయింది. మా చెల్లి "అది మోసం కాదు, నువ్వు చిన్న అక్షరాలు చదవలేదు" అంటోంది. ఇంకోటి, ప్లాన్ 28 రోజులైతే దాన్ని నెల ప్లాన్ అనొచ్చా?

చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం, "మోసం కాదు" అన్న ముక్క మీద మాత్రం నాకు అనుమానం ఉంది. అపరిమితం అన్నది డేటాకే, వేగానికి కాదు అన్నది ఆ చిన్న అక్షరాల సారాంశం. మీ హద్దు దాటాక వేగం 64 కేబీపీఎస్ అని రాసుందనుకోండి. పైన చెప్పిన చిన్న బి గుర్తుందా? ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 8 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన 3 ఎంబీ ఫోటో ఒకటి పంపాలంటే ఆరుంబావు నిమిషాలు. ఉత్త మాటల మెసేజ్ వెళ్తుంది. వీడియో మీద ఆశ వదులుకోవచ్చు. కుళాయి ఎప్పుడూ కట్టేయలేదు అంటే నిజమే, చుక్కా చుక్కా పడుతూనే ఉంది. కాబట్టి ప్లాన్ పోల్చేటప్పుడు "ఎంత డేటా" అని ఒకసారి, "అది అయ్యాక ఎంత వేగం" అని ఇంకోసారి అడగండి. రెండో ప్రశ్నకి జవాబు వెతుక్కోవాల్సొచ్చిందంటే అది బాగోలేదనే లెక్క.

28 రోజులంటే నాలుగు వారాలు. ఏడాదిలో అలాంటివి పదమూడు, 364 రోజులు. నెల నెలా అనుకుని పన్నెండుసార్లకి డబ్బు సిద్ధం చేసుకుంటే పదమూడోది ఎక్కడినుంచో తేవాలి. దాన్ని నెల అనొద్దు, 28 అనండి. రెండు ప్లాన్లు పక్కపక్కన పెట్టినప్పుడు ధరని రోజులతో భాగించండి. ఫోన్‌లోనే క్యాల్‌క్యులేటర్ ఉంది, దానికి డేటా అక్కర్లేదు.

ప్రశ్న: తెలుగులో ఎస్ఎంఎస్ పెడితే ఒకటి పంపినా రెండు, మూడు మెసేజ్‌ల కింద లెక్కేస్తున్నారు. ఇంగ్లీషులో అంత పొడుగు పెట్టినా ఒకటే. తెలుగంటే చిన్నచూపా?

చిన్నచూపు కాదు, చిన్న డబ్బా. ఎస్ఎంఎస్ అనే డబ్బాలో పట్టేది 140 బైట్లు. మొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబరు 3న వెళ్లింది, ఆ డబ్బా ఇప్పటికీ అంతే. ఇంగ్లీషు అక్షరాలకి ఏడేసి బిట్లు సరిపోతాయి కాబట్టి 160 పడతాయి. మన అక్షరాలు ఆ ఏడు బిట్ల పట్టికలో లేవు. ఒక్కోదానికి పదహారేసి బిట్లు కావాలి, కాబట్టి 70 పడతాయి. నూట యాభై అక్షరాల ఇంగ్లీషు మెసేజ్‌లో సరదాకి ఒక్క తెలుగు అక్షరం ఇరికించారా, మొత్తం మెసేజ్ పదహారు బిట్లకి మారి మూడు ముక్కలవుతుంది. ముక్కలైనప్పుడు అతుకు గుర్తులకి కొంత జాగా పోతుంది, ఒక్కో ముక్కలో మిగిలేది 67.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మనం అక్షరం అనేది, ఫోను అక్షరం అనేది ఒకటి కాదు. "వస్తున్నాను" అని రాసి చూడండి. మన కంటికి వ, స్తు, న్నా, ను: నాలుగు. ఫోన్ లెక్కకి పదకొండు. వ ఒకటి, స, కింద వత్తు చేసే గుర్తు, త, కొమ్ము కలిపి నాలుగు, న, మళ్లీ వత్తు గుర్తు, మళ్లీ న, దీర్ఘం కలిపి నాలుగు, చివరి న, దాని కొమ్ము కలిపి రెండు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. వత్తులు ఎక్కువున్న మాటలు రాసినకొద్దీ డబ్బా త్వరగా నిండుతుంది. డేటా మీద నడిచే మెసేజ్ యాప్‌లకి ఈ డబ్బా గొడవే లేదు, అందులో "విద్యుచ్ఛక్తి" అని పదిసార్లు రాసుకోండి.

ప్రశ్న: ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు ఆగిపోయిన కాలం ఉందని మా ఆఫీసులో ఒకతను. ఇలాంటి పుకార్లు ఎవరు పుట్టిస్తారండీ?

పుకారు కాదు, అతనికి మీరు పందెం బాకీ. 2018 ఫిబ్రవరి సంగతి. జ్ఞ రాసి, దాని పక్కన కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పెట్టి, ఆపైన దీర్ఘం ఇస్తే ఆ వరస ఐఫోన్‌కి కొరుకుడు పడలేదు. తెర మీద దాన్ని గీయబోయిన యాప్ కుప్పకూలేది. మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మళ్లీ తెరవడమే కష్టమయ్యేది. అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. మామూలుగా "జ్ఞానం" అని టైపు చేస్తే ఆ కనపడని గుర్తు ఉండదు కాబట్టి జ్ఞానం వల్ల ఎవరి ఫోనూ చెడలేదు.

మిమ్మల్ని దెప్పే అర్హత నాకు లేదు. ఆ వారం ఇదే మాట అడగడానికి వచ్చిన ముగ్గురికి "అక్షరం వల్ల ఫోను ఆగడమేమిటండీ, ఎవరో ఆటపట్టించారు" అని నవ్వి పంపించాను. తర్వాత వార్తల్లో చదివాను. ఆ ముగ్గురూ మళ్లీ ఎప్పుడైనా వస్తారేమోనని చాన్నాళ్లు గుమ్మం వంక చూశాను.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే నేను బ్రౌజర్‌లో ఏం చూశానో ఆఫీసువాళ్లకి తెలియదు కదా?

మీ బ్రౌజర్ హిస్టరీలో ఉండదు, అంతే. ఆఫీసు నెట్‌వర్క్ ఆఫీసుదే. తలుపు వేసుకున్నారు కానీ ఇల్లు వాళ్లది.

ప్రశ్న: ఆండ్రాయిడా, ఐఫోనా? ఒక్క మాటలో చెప్పండి.

చెప్పను.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 10. మా మేనల్లుడు "అత్తా, అది చచ్చిపోయింది, లినక్స్ వేసేస్తా" అంటాడు. అదేమో నిక్షేపంలా నడుస్తోంది. నేను టీచర్ని, పదిహేనేళ్ల ప్రశ్నపత్రాలు అందులో ఉన్నాయి. వాడి మాట వినాలా?

సగం వినండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. చచ్చిపోవడం కాదది. కాపలావాడు మానేశాడన్నమాట. తలుపు తెరుచుకుంటుంది, దీపం వెలుగుతుంది, కొత్తగా ఏ కన్నం పడినా పూడ్చేవాడే లేడు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసరు కావాలి. మీ పాతదానికి అవి ఉండకపోవచ్చు. కాబట్టి విండోస్ బదులు మిషన్‌ని నడిపించే లినక్స్ వేస్తాననడంలో మీ మేనల్లుడి ఉద్దేశం మంచిదే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ పని ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా నడుస్తోంది, అంటే మీది ఆండ్రాయిడ్ ఫోనైతే మీరు ఇప్పటికే వాడుతున్నారు.

అయితే "వేసేస్తా" అన్న మాట దగ్గర ఆపండి. గొడవ విండోసా లినక్సా అన్నది కాదమ్మా, ఆ పదిహేనేళ్ల ప్రశ్నపత్రాలది. వాటిలో తెలుగు ఎలా టైపు చేశారు? ప్రతి అక్షరానికీ అన్ని మిషన్లలో ఒకే సంఖ్య ఉండే యూనికోడ్‌లో అయితే ఎక్కడైనా తెలుగుగానే తెరుచుకుంటాయి. పాతకాలం డీటీపీ ఫాంట్లలో అయితే, లోపల ఉన్నది తెలుగే కాదు. ఇంగ్లీషు గుర్తులకి తెలుగు బొమ్మ తొడిగారు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే చుక్కలు, గీతలు, పిచ్చి గుర్తులు. పదిహేనేళ్ల కిందటి ప్రశ్నపత్రమైతే అలా ఉండే అవకాశం బాగానే ఉంది.

అందుకని అబ్బాయికి ఈ పని అప్పగించండి. లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఏమీ చెరపకుండా దాన్నుంచే నడపొచ్చు. అలా నడుపుతూ మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పాత పత్రం ఒకటి, పట్టికలూ బొమ్మలూ ఎక్కువున్నది ఒకటి, నిన్నగాక మొన్న చేసింది ఒకటి తెరిచి చూపించమనండి. లినక్స్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రే ఆఫీస్, వర్డ్ ఫైళ్లని తెరుస్తుంది, కానీ పేజీ అమరిక అక్కడక్కడా జరుగుతుంది. నాలుగు మార్కుల ప్రశ్న పక్క పేజీలోకి దూకితే మీకు నచ్చుతుందా లేదా మీరే చూడండి. ప్రింటర్ కూడా తగిలించి ఒక కాగితం తీయించండి. మూడూ సరిగ్గా వస్తే, అన్నిటికీ ఒక కాపీ బయట పెట్టాక వేయించుకోండి. రాకపోతే ఆ ల్యాప్‌టాప్‌ని ఇంటర్నెట్ లేకుండా ప్రశ్నపత్రాలకే ఉంచండి, బ్యాంకు పనులు మాత్రం అందులో వద్దు.

ప్రశ్న: పోయిన సంచికలో "10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు నిండుతుంది" అని రాశారు. అది నమ్మి మా తమ్ముడితో పందెం కాసి ఓడిపోయాను. ఒకసారి నిండింది, రెండోసారి సగానికి కూడా రాకుండా ఆగిపోయింది. మాది నకిలీదా, మీ లెక్క నకిలీదా?

నా లెక్కే. తప్పయిపోయింది.

పదివేలని అయిదువేలతో భాగిస్తే రెండు అని చిన్నపిల్లాడు చెబుతాడు, నేనూ అదే చెప్పాను. పవర్ బ్యాంక్ లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది. బయటికిచ్చేది 5 వోల్టులు. ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు, దాన్ని వోల్టులతో గుణించి, లోపల ఎంత శక్తి ఉందో చెప్పే వాట్ అవర్లు చూడాలి. 10,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి, వెయ్యితో భాగిస్తే 37 వాట్ అవర్లు. అదే 37ని 5 వోల్టుల దగ్గర తీసుకుంటే 7,400 ఎంఏహెచ్ మాత్రమే, అదీ ఏమీ వృథా కాకపోతే. వోల్టులు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. ఫోను మళ్లీ తగ్గించుకునేటప్పుడు ఇంకొంత పోతుంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడు రెండూ వెచ్చగా అయ్యేది అందుకే, ఆ వెచ్చదనం మీ చార్జింగే.

మీ పవర్ బ్యాంక్ వెనక్కి తిప్పండి. పెద్ద అంకె కింద చీమ తలకాయంత అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఇంకో అంకె ఉంటుంది. నా దగ్గరున్నదాని మీద 5 వోల్టుల దగ్గర 6,000 అని ఉంది, చదవడానికి రిపేరు బల్ల నాటి భూతద్దం తీయాల్సొచ్చింది. అంటే 30 వాట్ అవర్లు. 5,000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీ సుమారు 19 వాట్ అవర్లు. ఫోను వైపు నష్టం కూడా తీసేస్తే, మీకు వచ్చిన ఒకటీ చిల్లర సరైన లెక్కే. విమానంలోకి తీసుకెళ్లేటప్పుడు కూడా వాట్ అవర్లే చూస్తారు, మామూలుగా 100 దాకా ఒప్పుకుంటారు, మీది 37 కాబట్టి దిగులు లేదు.

పోయిన సంచిక దాచుకున్నవాళ్లు ఉంటే, నా జవాబులో "రెండుసార్లు" కొట్టేసి "ఒకటింబావు, మహా అయితే ఒకటిన్నర" అని పెన్నుతో రాసుకోండి. తమ్ముడికి మీరు బాకీ పడ్డది ఏమిటో రాయలేదు. అందులో సగం నా ఖాతాలో రాయమనండి.